నిదానంగా కాలితేనే జోరుగా పోతుంది!

మీ ఇళ్లలో ఇప్పుడు గ్యాసు పొయ్యిలే గనుక పొట్టు పొయ్యిని మీరు చూసి ఉండకపోవచ్చు. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, చెబుతారు. ఒక పాత రేకు డబ్బా తీసుకొని, దాని మధ్యలో నిలువుగా ఒక రోకలినో సీసానో నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి గట్టిగా కూరేవారు. తర్వాత ఆ రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగేసేవారు. పొట్టు మధ్యలో నున్నని బిలం మిగిలేది. డబ్బా అడుగున ప్రక్కగా ఉన్న కంతలోంచి ఒక పుల్ల వెలిగించి పెడితే ఆ బిలం లోపలి గోడ అంటుకొనేది. అంతే! ఇక ఊదే పని లేదు, కట్టెలు ఎగదోసే పని లేదు. ఒక పూట వంట అయిపోయేది.

చిన్నప్పుడు ఆ పొయ్యి ముందు కూర్చొని నేను గమనించిన వింత ఒకటుంది. కట్టెల పొయ్యిలో మంట మొదట పెద్దగా ఉండి, కట్టె తరిగేకొద్దీ తగ్గుతుంది. పొట్టు పొయ్యిలో అలా కాదు. మొదట చిన్నగా ఉన్న మంట, పొట్టు తరుగుతున్నకొద్దీ పెద్దదవుతుంది! ఇంధనం తగ్గుతుంటే మంట పెరగడమేమిటి?

ఆలోచించండి. కాలేది పొట్టు అంతా కాదు, గాలి తగిలే లోపలి గోడ మాత్రమే. పొట్టు కాలిపోయినకొద్దీ బిలం వెడల్పవుతుంది. బిలం వెడల్పయినకొద్దీ దాని గోడ వైశాల్యం పెరుగుతుంది. గోడ పెరిగితే మంట పెరగదా మరి? ఈ పొయ్యిని కాస్త గుర్తు పెట్టుకోండి. ఇది మనకు ఫిరంగిలోనూ, తుపాకిలోనూ, చివరికి శ్రీహరికోటలోనూ మళ్లీ కనబడబోతోంది.

మా బడిలో పదో తరగతి చదివే ఎన్.సి.సి. కుర్రాడొకడు శిబిరానికి వెళ్లి వచ్చాడు. అక్కడ .22 రైఫిలుతో అయిదు గుళ్లు పేల్చాడట. ఆ గర్వం వారం రోజులదాకా తగ్గలేదు. ఒకనాడు భౌతికశాస్త్రం పాఠం మధ్యలో లేచి ఇలా అడిగాడు: “మాస్టారూ, ఇంకా పెద్ద రైఫిళ్లు ఉంటాయిట, మాగ్నమ్ అంటారుట. వాటిలో గుండు ఎంతో వేగంగా పోతుందిట. కాని వాటి తూటాల్లో నిదానంగా కాలే మందు పోస్తారని సుబేదారుగారు చెప్పారండీ. వేగంగా పోవాలంటే వేగంగా కాలే మందు పొయ్యాలి గాని నిదానంగా కాలేది పోస్తారా ఎక్కడైనా?”

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చరిత్రలో ఉన్నారు. ఫిరంగులు పోతపోసే ఇంజనీర్లు కూడా దీనికి జవాబు పందొమ్మిదో శతాబ్దం మధ్యలోగాని తెలుసుకోలేకపోయారు.

ముందుగా తుపాకి అంటే ఏమిటో చూద్దాం. అది ఒక రకం ఇంజను. ఒక చివర మూసిన గొట్టం, దానిలో బిరుసుగా పట్టే ఒక గుండు, గుండు వెనక మందు. మందు కాలి వేడి వాయువు అవుతుంది. ఆ వాయువు గుండును ముందుకు తోస్తుంది. మోటారు ఇంజనులో ముషలకం చేసే పనే ఇక్కడ గుండు చేస్తుంది. తేడా ఏమిటంటే ముషలకం వెనక్కి వస్తుంది, గుండు రాదు.

ఇప్పుడు మీ తొమ్మిదో తరగతి పాఠం గుర్తు చేసుకోండి. బలాన్ని, ఆ బలం పని చేసిన దూరంతో గుణిస్తే ‘పని’ వస్తుంది. ఆ పనే గుండుకు గతిజ శక్తిగా చేరుతుంది. ఇందులో రెండో మాటను చాలామంది మరచిపోతారు: దూరం. రోడ్డు మీద ఆగిపోయిన జీపును కదిలించాలంటే ఏం చేస్తారు? సమ్మెట తీసుకొని వెనకనుంచి ఒక్క దెబ్బ కొడతారా? కొడితే రేకు సొట్ట పడుతుంది, జీపు కదలదు. నలుగురు కుర్రాళ్లు చేతులు ఆనించి, పది గజాలు విడవకుండా తోస్తే ఇంజను అందుకొంటుంది. సమ్మెట దెబ్బ బలం తక్కువా? కాదు, చాలా ఎక్కువ. కాని అది పని చేసే దూరం బహు తక్కువ.

కొన్ని అంకెలు వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అని 1963లో వచ్చిన తూటా ఒకటుంది. అందులో వాడే ఒక రకం గుండు బరువు 11.7 గ్రాములు. అంటే రెండు అయిదు రూపాయల నాణేలంత కూడా ఉండదు. గొట్టం పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. గొట్టం చివర గుండు వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. గతిజ శక్తి ఎంత? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించండి. దాదాపు 4,740 జౌళ్లు వస్తుంది. అరవై కిలోల మనిషిని ఎనిమిది మీటర్ల ఎత్తుకు, అంటే రెండంతస్తుల మేడమీదికి ఎత్తడానికి ఇంత పని చాలు.

ఈ శక్తి అంతా 0.6 మీటరు దూరంలో చేరాలి గనుక, సగటు బలం 7,900 న్యూటన్లు కావాలి. గొట్టం వ్యాసం 7.62 మిల్లీమీటర్లు, అంటే గుండు వెనక భాగం వైశాల్యం చదరపు సెంటీమీటరులో సగం కూడా లేదు. ఆ చిన్న చోటుమీద అంత బలం పడాలంటే వాయు పీడనం సగటున వాతావరణ పీడనానికి 1,700 రెట్లు ఉండాలి. ఇదంతా ఎంతసేపట్లో? సెకనులో వెయ్యో వంతు కంటె కొంచెం ఎక్కువ, అంతే. మీరు రెప్ప వాల్చి ఎత్తేలోగా అలాంటి గుళ్లు వంద, ఒకదాని తర్వాత ఒకటి, గొట్టం దాటిపోవచ్చు.

సగటు అంటున్నాను, చూడండి. ఆ మాటలోనే చిక్కంతా ఉంది. ఈ తూటాకు కొలిచి అనుమతించిన గరిష్ఠ పీడనం సుమారు 4,350 వాతావరణాలు. అది దాటితే ఇత్తడి గుల్ల చీలవచ్చు, గది పగలవచ్చు, తుపాకిని చెంపకు ఆనించుకొన్న మనిషి ముఖంమీదే ఉక్కు ముక్కలై పోవచ్చు. కాబట్టి మనకు కావలసింది ఏమిటి? గరిష్ఠం హద్దు దాటకూడదు, సగటు మాత్రం వీలయినంత ఎక్కువ ఉండాలి. పీడనాన్ని నిలువుగా, గుండు నడిచిన దూరాన్ని అడ్డంగా పెట్టి గ్రాఫు గీస్తే, గీత కింద ఉన్న వైశాల్యమే గుండుకు అందే పని. కొబ్బరిచెట్టులాంటి సన్నని పొడుగాటి శిఖరం వద్దు. ఏనుగు వీపులాంటి వెడల్పాటి గుట్ట కావాలి.

వేగంగా కాలే మందు కొబ్బరిచెట్టును గీస్తుంది. గుండు ఇంకా వేలెడు దూరం కదలకముందే మందు మొత్తం వాయువైపోతుంది. పీడనం ఆకాశానికి ఎగురుతుంది. తర్వాత గుండు ముందుకు పోయినకొద్దీ వాయువు వ్యాకోచించి, పీడనం పడిపోతూ ఉంటుంది, కొత్తగా చేరే వాయువు ఉండదు. నిదానంగా కాలే మందు అలా కాదు. గుండు ముందుకు జరిగి చోటు చేస్తుంటే, ఆ చోటును నింపడానికి కొత్త వాయువును పంపుతూనే ఉంటుంది. తోసే కుర్రాళ్లు జీపు వెంట పరుగెత్తినట్టు!

ఇక్కడ మీరు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. వేగంగా కాలే మందులో ఎక్కువ శక్తి, నిదానంగా కాలే దానిలో తక్కువ శక్తి ఉంటుందనుకొంటారు. తప్పు. గ్రాముకు గ్రాము తూస్తే రెండింటిలో ఉన్న శక్తిలో పెద్ద తేడా లేదు. ఇద్దరి జీతమూ దాదాపు ఒకటే. ఒకడు ఒకటో తారీఖునే అంతా ఖర్చు పెట్టేస్తాడు, రెండోవాడు నెలంతా సర్దుకొంటాడు.

ఈ నిజం ఎలా బయటపడిందో చెబుతాను. 1844 ఫిబ్రవరి 28న అమెరికాలో పోటోమాక్ నదిమీద ప్రిన్స్‌టన్ అనే కొత్త యుద్ధనౌకను పెద్దలకు చూపిస్తున్నారు. దానిమీద 12 అంగుళాల ఫిరంగి ఒకటుంది. దాని పేరు పీస్‌మేకర్, అంటే శాంతిని కుదిర్చేది! పేరు పెట్టినవారి చమత్కారానికి ఏమనాలో నాకు తోచదు. ఆరోజు దాన్ని పేల్చి చూపుతుండగా అది పగిలిపోయింది. విదేశాంగ మంత్రి, నౌకాదళ మంత్రి సహా ఆరుగురు చనిపోయారు. అధ్యక్షుడు జాన్ టైలర్ ఆ క్షణంలో కింది అంతస్తులో ఉండబట్టి బతికాడు. ఆ ఫిరంగిని కొట్టి అతికించిన ఇనుములోనే లోపం ఉందని తేలింది.

ఆ ప్రమాదం థామస్ రోడ్‌మన్ అనే యువ సైనికాధికారిని ఆలోచనలో పడేసింది. మొదట ఇనుము సంగతి చూశాడు. ఫిరంగిని బోలుగా పోతపోసి, లోపలినుంచి నీటితో చల్లబరిస్తే బలంగా ఉంటుందని కనిపెట్టాడు. తర్వాత అతనికి మరో అనుమానం వచ్చింది: గోడను బలపరచడం సరే, లోపల దాన్ని కొట్టే దెబ్బనే తగ్గించలేమా?

అందుకు ముందు దెబ్బను కొలవాలి కదా! ఫిరంగి లోపలి పీడనాన్ని ఎలా కొలుస్తారు? రోడ్‌మన్ చేసిన ఉపాయం చూడండి. ఫిరంగి గోడకు చిన్న రంధ్రం చేసి, దానిలో ఒక ముషలకం పెట్టాడు. ముషలకం చివర కత్తిలాంటి ఉక్కు అంచు. దానికి ఎదురుగా మెత్తని రాగి రేకు. ఫిరంగి పేలినప్పుడు ఆ అంచు రాగిలోకి దిగి గాటు పెడుతుంది. తర్వాత అదే రాగిమీద అదే అంచుతో తెలిసిన బరువులు మోపి, ఎంత బరువుకు అంత గాటు పడుతుందో చూస్తే, పీడనం తెలిసిపోతుంది. ఎంత తేలిక! గాటు పొడవు కొలవడానికి స్కేలు చాలు. గొప్ప ప్రయోగాలకు ఎప్పుడూ గొప్ప పరికరాలే అక్కరలేదని మా ప్రయోగశాల బీరువాను చూసి దిగులుపడేటప్పుడల్లా నేను రోడ్‌మన్‌ను తలచుకొంటాను.

ఆ రోజుల్లో మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందే. పెద్ద ఫిరంగుల్లోనూ చిన్న చిన్న గింజల మందునే కూరేవారు. రోడ్‌మన్ అదే మందును పెద్ద పెద్ద గింజలుగా చేయించి, అదే తూకంలో పేల్చి చూశాడు. రాగిమీద గాటు బాగా చిన్నదయింది. గుండు వేగం మాత్రం ఏమంత తగ్గలేదు. మందులో ఏ పదార్థమూ మారలేదు, గింజ పరిమాణం ఒక్కటే మారింది!

కారణం మీకు పొట్టు పొయ్యి చెప్పేసింది. మందు ఉపరితలంమీదే కాలుతుంది, పొరలు పొరలుగా లోపలికి. 1839లో పియోబెర్ అనే ఫ్రెంచి సైనికాధికారి ఈ నియమం చెప్పాడు. ఒక సెంటీమీటరు ఘనాన్ని ఊహించండి. దానికి ఆరు ముఖాలు, మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక్కొక్క మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు వస్తాయి. వాటి మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. బరువు మారలేదు, అంటుకొనే చోటు పది రెట్లయింది. పటికబెల్లం గడ్డను నోట్లో వేసుకొంటే చాలాసేపు ఉంటుంది, అదే పొడి చేసి వేసుకొంటే చిటికెలో కరిగిపోతుంది. ఎందుకో ఇక నేను చెప్పనక్కరలేదు.

రోడ్‌మన్ అక్కడ ఆగలేదు. పెద్ద గింజతో ఇంకొక లోపం ఉంది. అది కాలేకొద్దీ చిన్నదవుతుంది, ఉపరితలం తగ్గిపోతుంది, వాయువు పుట్టడం తగ్గుతుంది. కట్టెల పొయ్యిలాగా! గుండు జోరందుకొని చోటు ఎక్కువ అడిగే వేళకు మందు నీరసపడుతుంది. మనకు కావలసింది సరిగ్గా తలకిందుల పద్ధతి: మొదట తక్కువ, తర్వాత ఎక్కువ. అందుకతను మందును బిళ్లలుగా అచ్చుపోసి వాటికి రంధ్రాలు చేయించాడు. రంధ్రం లోపలి గోడ కాలుతూ పెరుగుతుంది. అదిగో, పొట్టు పొయ్యి వచ్చేసింది! అతని ప్రయోగాల నివేదిక 1861లో అచ్చయింది. ఆ తర్వాత ఐరోపా దేశాల ఫిరంగుల్లో ఆరు పలకల బిళ్లల మందు వాడుకలోకి వచ్చింది. కొన్నింటికి ఒకటే రంధ్రం, కొన్నింటికి ఏడు.

రంధ్రాల లెక్క సరదాగా ఉంటుంది. ఒక గుండ్రని కడ్డీకి మధ్యలో ఒక రంధ్రం ఉందనుకోండి. బయటి చుట్టుకొలత తగ్గుతుంటే లోపలి చుట్టుకొలత సరిగ్గా అంతే పెరుగుతుంది. మొత్తం మారదు. ఏడు రంధ్రాలుంటే? బయట ఒకటి తగ్గుతుంది, లోపల ఏడు పెరుగుతాయి. ఒకటి పోగా ఆరు లాభం! కాలేకొద్దీ ఉపరితలం పెరుగుతూ పోతుంది.

మందు నిదానించింది కాబట్టి ఫిరంగి ఆకారమే మారింది. వేగంగా కాలే మందుకు పొడుగాటి గొట్టం దండుగ, ముందు భాగంలో పీడనమే ఉండదు. నిదానపు మందు వచ్చాక గొట్టం పొడవయినకొద్దీ లాభమే. పాత ఫిరంగులు కడవల్లా పొట్టిగా, లావుగా ఎందుకున్నాయో, 1880ల తర్వాతి ఫిరంగులు వెదురు బొంగుల్లా ఎందుకు సాగాయో బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి.

1884లో పాల్ వియేల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పొగరాని మందును తయారు చేశాడు. దూదిలోని సెల్యులోజును నత్రికామ్లంతో మార్చి చేసే నైట్రోసెల్యులోజ్ దానికి మూలం. దీనికి నల్లమందుకన్నా శక్తి ఎంతో ఎక్కువ. దీని స్వభావాన్ని వియేలే కొలిచి చెప్పాడు: చుట్టూ పీడనం పెరిగినకొద్దీ ఈ మందు ఇంకా వేగంగా కాలుతుంది. ఇది చిన్న మాట కాదు. పీడనం పెరిగితే కాలడం పెరుగుతుంది, కాలడం పెరిగితే పీడనం పెరుగుతుంది, మళ్లీ కాలడం పెరుగుతుంది. ఈ గిరగిర తిరిగే చక్రాన్ని ఆపేది ఒకటే, గుండు ముందుకు జరిగి చోటివ్వడం. గుండు చోటిచ్చే వేగం, మందు వాయువునిచ్చే వేగం ఒకదానికొకటి సరిపడాలి. మందును ఎంచుకోవడమంటే ఈ రెంటికీ జోడీ కుదర్చడమే.

ఇప్పుడు మన ఎన్.సి.సి. కుర్రాడి మాగ్నమ్ దగ్గరకు వద్దాం. మాగ్నమ్ అంటే లాటిన్ భాషలో ‘పెద్దది’ అని అర్థం. ద్రాక్షసారా వర్తకులు ఒకటిన్నర లీటర్ల పెద్ద సీసాను మాగ్నమ్ అనేవారు. ఇంగ్లండులోని తుపాకుల తయారీదారులు ఆ మాటను అరువు తెచ్చుకొని పెద్ద తూటాలకు పెట్టారు. లండన్ నగరపు హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్ వీటిలో పేరుపొందినది. ఆ కాలంలో ఆఫ్రికాకు, మన దేశానికి వేటకు వచ్చే దొరల చేతుల్లో అది ఉండేది. (1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో ఆ వేటలు ముగిశాయి. మంచిదే అయింది.)

మాగ్నమ్ తూటా ఆకారం చూస్తే విషయం తెలిసిపోతుంది. కూజాలాగా ఉంటుంది. పొట్ట పెద్దది, మెడ సన్నం. పొట్టలో మందు ఎక్కువ పడుతుంది. గుండు పోవలసిన దారి మాత్రం ఇరుకు. గుండు ఒక సెంటీమీటరు ముందుకు జరిగితే వెనక ఎంత చోటు ఏర్పడుతుందో లెక్క వేయండి. 7.62 మిల్లీమీటర్ల గొట్టంలో ఘన సెంటీమీటరులో సగంకన్నా తక్కువే. అదే 12 బోరు షాట్‌గన్‌లో అయితే గొట్టం వ్యాసం 18.5 మిల్లీమీటర్లు, ఏర్పడే చోటు దాదాపు 2.7 ఘన సెంటీమీటర్లు, ఆరు రెట్లు! వెడల్పు గొట్టంలో చోటు త్వరత్వరగా ఏర్పడుతుంది గనుక వేగంగా కాలే మందు నప్పుతుంది, అదీ కొంచెమే చాలు. ఇరుకు గొట్టం వెనక పెద్ద పొట్ట నిండా మందు ఉన్నప్పుడు చోటు మెల్లగా ఏర్పడుతుంది, కాబట్టి మందు కూడా మెల్లగా కాలాలి. సినిమా హాలు పెద్దదై వాకిలి చిన్నదైతే జనం ఒక్కసారి లేవకూడదు, వరుసగా లేవాలి. గుండు బరువెక్కువైనా ఇదే కథ. బరువు గుండు బద్ధకంగా కదులుతుంది, చోటు ఆలస్యంగా ఇస్తుంది, మందు ఇంకా నిదానంగా కాలాలి.

ఈ ఓపికకు ఫలితమెంత? గొట్టం అదే వ్యాసం, గుండు అదే 11.7 గ్రాములు. మామూలు .30-06 తూటాలో గుండు వేగం సెకనుకు సుమారు 820 మీటర్లు. మాగ్నమ్‌లో 900. ఎక్కువ మందు, కాని మరింత నిదానమైన మందు. మామూలు తూటాకు సరిపోయే మందునే మాగ్నమ్ పొట్ట నిండా కూరితే వేగం పెరగడం మాట అటుంచి, తుపాకే మిగలదు.

అయితే నిదానం ఎంతైనా మంచిదేనా? కాదు. మరీ నిదానమైన మందును చిన్న తూటాలో పోస్తే పీడనం చాలినంత పెరగదు, పీడనం పెరగక మందు సరిగా కాలదు. గుండు వెళ్లిపోయాక గొట్టం మూతి దగ్గర పెద్ద మంట, గొట్టం నిండా కాలని గింజలు! పప్పు ఉడకకముందే విస్తరి వేసినట్టు.

ఈనాటి రైఫిలు మందు గింజలు ఆవగింజంత, జీలకర్రంత ఉంటాయి. కొన్ని సన్నని గొట్టం ముక్కలు, కొన్ని గుండ్రని పూసలు. వాటి నిదానం ఆకారంవల్లనే గాక, పైన పూసే ఒక పూతవల్ల కూడా వస్తుంది. ఆ పూత ఉన్న పై పొర మెల్లగా కాలుతుంది, అది దాటాక లోపలి భాగం త్వరగా కాలుతుంది. పొట్టు పొయ్యి చేసిన పనినే ఇక్కడ రసాయనం చేస్తుంది.

అమెరికావంటి దేశాల్లో లైసెన్సు, అనుభవం ఉన్న కొందరు గురికాళ్లు కాల్చిన ఇత్తడి గుల్లలను తామే మళ్లీ నింపుకొంటారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అక్కడ సైన్యం దగ్గర మందు గుట్టలుగా మిగిలిపోయింది. అందులో 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన చాలా నిదానమైన రకం ఒకటి, దాని సంఖ్య 4831. బ్రూస్ హాడ్జ్‌డన్ అనే వర్తకుడు అలాంటి మిగులు మందును కొని గురికాళ్లకు అమ్మాడు. ఫిరంగికి పనికివచ్చే నిదానం మాగ్నమ్ రైఫిలుకూ అమరింది! తర్వాత అదే 4831 సంఖ్యతో రెండు సంస్థల మందులు బజారులోకి వచ్చాయి. సంఖ్య ఒకటే, చూపుకు గింజలూ ఒకటే, కాని ఒకటి రెండోదానికన్నా కాస్త వేగంగా కాలుతుంది. ఒకదానికి రాసిన కొలతను రెండోదానికి వాడితే ప్రమాదం. అందుకే అక్కడివారు కంటిని నమ్మరు, ఊహను నమ్మరు. మందు చేసిన సంస్థ పీడనం కొలిచి అచ్చువేసిన పట్టికనే నమ్ముతారు. ఏ మందు వేగం, ఏది నిదానం అని వరుస కట్టిన జాబితాలు కూడా ఉంటాయి గాని, అవి ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో చెబుతాయి, ఎంత దూరంలో నిలబడ్డారో చెప్పవు.

ఎండ సంగతి ఒకటి చెప్పాలి. మందు వేడెక్కితే ఇంకా త్వరగా కాలుతుంది. చల్లని ఇంగ్లండులో సరిగ్గా కొలిచి నింపిన తూటా మన రోహిణికార్తె ఎండలో హద్దు దాటేది. అందుకని అక్కడి తయారీదారులు ఉష్ణదేశాల కోసం మందు తగ్గించిన తూటాలను వేరే చేసి పంపేవారు. వాటిలో ఉండే మందు కార్డైట్. ‘కార్డ్’ అంటే తాడు, సేమియాలాగా పోగులుగా ఉంటుంది గనుక ఆ పేరు. మన నీలగిరి కొండల్లో అరువంకాడులో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే కార్డైట్ కర్మాగారం వెలసింది.

మీలో ఎవరికైనా చేతులు దురద పెడుతున్నాయేమో, ఇక్కడే చెప్పేస్తాను. నాతో చదువుకొన్న మిత్రుడొకడు ఎనిమిదో తరగతిలో దీపావళికి మిగిలిన టపాకాయలతో ఏదో ప్రయోగం చేయబోయి కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకొన్నాడు. మంచి తబలా వాయించేవాడు. ఈ వ్యాసంలో మందు ఎలా కాలుతుందో చెప్పాను, ఎలా చేస్తారో ఎంత పోస్తారో చెప్పలేదు, చెప్పను కూడా. మన దేశంలో లైసెన్సు లేకుండా అది నేరం కూడాను. నిప్పు లేకుండానే ఈ సంగతంతా చూసే దారి ఉంది.

మధ్యలో రంధ్రమున్న పిప్పరమెంటు బిళ్ల ఒకటి, అంతే బరువు పటికబెల్లం ముక్క ఒకటి తీసుకోండి. రెండు గ్లాసుల నీళ్లలో వేయండి. కదపకుండా రెండేసి నిమిషాలకొకసారి చూడండి. పటికబెల్లం ముక్క చుట్టూ కరుగుతూ గుండ్రబడి చిన్నదవుతుంది, చివరికి వచ్చేసరికి కరిగే చోటే తక్కువ. బిళ్లమీద చూపు నిలపండి. బయటి అంచు లోపలికి వస్తుంటే, రంధ్రం బయటికి పెరుగుతుంది. రెండూ కలుసుకొనేదాకా కరిగే గోడ కొలత ఇంచుమించు అలాగే ఉంటుంది.

శ్రీహరికోటనుంచి లేచే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది రెండు నిమిషాలలోపే కాలిపోవాలి, కాని ఒక్కసారి కాదు. రాకెట్టు ఎంతసేపు ఎంత బలంతో నెట్టబడాలో ముందే లెక్కకట్టి, దానికి తగినట్టు ఇంధనం మధ్యలో బిలం వదిలి పోతపోస్తారు. బయట లోహపు గోడ, లోపల ఇంధనం, నడుమ బిలం, లోపలినుంచి బయటికి కాలడం. ఇది దేనిలా ఉంది? బిలం గుండ్రంగా ఉంటే మంట పెరిగిపోతూ ఉంటుంది, అది ప్రతి రాకెట్టుకూ నప్పకపోవచ్చు. అందుకని చాలా రాకెట్లలో బిలాన్ని నక్షత్రం ఆకారంలో చేస్తారు. మొదట్లో నక్షత్రపు మడతలవల్ల గోడ ఎక్కువ, కాలేకొద్దీ మడతలు చదునవుతాయి, అదే సమయంలో బిలం పెద్దదవుతుంది. ఒకటి తగ్గిస్తే ఒకటి పెంచుతుంది, మంట నిలకడగా ఉంటుంది.

ఎన్.సి.సి. కుర్రాడు ఇదంతా విని ఊరుకోలేదు. “మాస్టారూ, ఏడు రంధ్రాల గింజ చివరిదాకా అలా పెరుగుతూనే కాలుతుందాండీ?” అన్నాడు. కాలదు. కంపాసు తీసుకోండి. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. మధ్యలో అర సెంటీమీటరు వ్యాసార్ధంతో ఒక చిన్న వృత్తం, దాని కేంద్రానికి రెండు ముప్పావు సెంటీమీటర్ల దూరంలో చుట్టూ సమానంగా అలాంటివే ఆరు గీయండి. ఇప్పుడు కాలడం మొదలుపెట్టండి: చిన్న వృత్తాలన్నిటినీ కొంచెం కొంచెంగా పెంచుతూ, పెద్ద వృత్తాన్ని అంతే అంతే తగ్గిస్తూ గీతలు వేయండి. వృత్తాలు ఒకదానికొకటి తగిలే క్షణాన గింజ ముక్కలవుతుంది. మధ్యలో మూడు మూలల చిన్న ముక్కలు కొన్ని, అంచున కొంచెం పెద్దవి కొన్ని మిగులుతాయి. వాటికిక రంధ్రాల్లేవు, అవి కట్టెల పొయ్యిలాగే తరిగిపోతాయి. మొత్తం ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. నాకు పన్నెండు వచ్చాయి.